మూడో ప్రకటన గంట

మా సంతరేవు చర్చిలో పెళ్లికి ముందు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని, పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. మొదటిది మామూలుగానే చదువుతారు. రెండోదీ అంతే. మూడోది మాత్రం గంట మోగుతుండగా చదివేవారు. పాదిరి అయ్యగారి పెదాలు కదలడం కనపడేది, మాట వినపడేది కాదు. పాతికేళ్లకు పైగా ఆ గంట తాడు లాగింది నేనే, సత్తియ్యని. పొరుగూరి వాళ్లు చూసి, "అదేం పద్ధతండీ?" అని అడిగితే, "మూడో ప్రకటన వినగానే మా ఊరి పెళ్లికొడుకులు పారిపోతారండి. తలుపు గడియ వేసే చప్పుడు వాళ్లకి వినపడకూడదు కదా" అని చెప్పి పంపించేవాణ్ణి.

నేను చెప్పేవాటిలో సగం కోతలని మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఏ సగమో తెలియక మొత్తం వింటుంటారు. ఇప్పుడు చెప్పబోయేది రెండో సగంలోది. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం నష్టం లేదు.

మా చర్చి కట్టించిన తొలి దొర ఇంగ్లండులో ఒక సంత ఊరి నుంచి వచ్చాడు. మన పాలకొల్లు లాంటి ఊరే, కాకపోతే కొబ్బరికాయల బదులు గొర్రెలు అమ్ముతారట. ఆ ఊరి చర్చిలో నాలుగు వందల ఏళ్ల పెళ్లిళ్లు పుస్తకాల్లో రాసి ఉన్నాయట. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ఇద్దరి తండ్రులు, వాళ్ల వృత్తులు, సాక్షులు. దొర ఇక్కడ దిగగానే అదే నమూనాలో గీతలు గీయించి లావుపాటి పుస్తకం కుట్టించాడు. అక్కడైతే వృత్తి గడిలో గొర్రెల కాపరి, రొట్టెలవాడు, జీనులు కుట్టేవాడు అని రకరకాలుగా ఉండేవట. ఇక్కడ పై నుంచి కింద దాకా పాలేరు, పాలేరు, పాలేరు. ఒకాయన్ని మాత్రం, "నీ అల్లుడు ఏం చేస్తాడు?" అని దొర అడిగితే, "అన్నం తింటాడండి" అన్నాడట. దొర అది కూడా పొల్లుపోకుండా రాశాడు. ఆ గడి నా కళ్లతో చూశాను.

ఆ పుస్తకంలో ప్రతి పెళ్లికీ మూడు చిన్న గడులుంటాయి. మొదటి ప్రకటన, రెండవ ప్రకటన, మూడవ ప్రకటన. చదివిన ఆదివారం తేదీ వేసి అయ్యగారు పొడి సంతకం పెట్టాలి. మూడూ నిండితేనే పెళ్లి. ఇది దొర నియమం. దీనికి మా ఆడవాళ్లు ఇంకొకటి తగిలించారు. తన ప్రకటన చదివే ఆదివారం పెళ్లికూతురు చర్చికి రాకూడదు. దిష్టి తగులుతుందని.

దయామణి వచ్చింది. అదీ గొడవ.

ఆ పిల్లది గోదావరి పాయకి అవతలి లంక, నది మధ్య దిబ్బ మీద ఊరు. పెద్దిరాజు కూతురు. పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. మా ఊరి ఎజ్రాతో పెళ్లి కుదిరింది. ఎజ్రా అంటే అప్పట్లో నూనూగు మీసాల కుర్రాడు, నవ్వితే చెవులు కదిలేవి. రెండు ప్రకటనలయ్యాయి. మూడో ఆదివారానికి గాలి పట్టుకుంది. అరవై తొమ్మిది వేసవిలో వచ్చిన తుపాను మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. "నా పేరు పక్కన ఆయన పేరు ఎలా వినపడుతుందో ఒక్కసారి వినొస్తాను, ఆడవాళ్ల వెనకాల ముసుగేసుకుని కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది" అని తోటి పిల్లలతో అని, ఇంట్లో చెప్పకుండా పడవెక్కింది. నడిరేవులో పడవ తిరగబడింది. పడవవాడు ఈదుకొచ్చాడు. మిగతావాళ్లూ ఎలాగో ఒడ్డున పడ్డారు. ఆ పిల్ల దొరకలేదు. ఒళ్లు కూడా దొరకలేదు.

అప్పటి అయ్యగారు ప్రకటన కాగితం విప్పి నిలబడి ఉన్నారు. ఎవరో గుమ్మంలో నుంచి కేక వేశారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎజ్రా బెంచీ దాటుకుని రేవుకి పరిగెత్తాడు. పుస్తకంలో ఆ మూడో గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆ తరువాత మా చర్చిలో జరిగిన మొదటి పెళ్లికి మూడో ప్రకటన చదువుతుంటే ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు వినపడింది. కేక కాదు, ఏడుపు కాదు. రేషన్ షాపు వరసలో వెనకబడిపోయిన మనిషి అడిగినట్టు, "మరి నాదండీ?" అంది.

మా గోదావరి వాళ్లం చచ్చినా 'అండి' మానమని చెప్పి నవ్విస్తుంటాను గానీ, ఆ రోజు చర్చిలో ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ల చాపల్లో వెనక వరస చివర, ఎవరూ కూర్చోని చోట, చాప తడిసి ఉంది. ఆ పై పెళ్లికీ అంతే. మూడోసారి చదివినప్పుడే. మొదటి రెండిటికీ ఏమీ లేదు, ఎందుకంటే ఆ రెండూ ఆ పిల్లకి ముట్టాయి. చివరికి ఆ అయ్యగారే ఉపాయం చెప్పారు. "సత్తియ్యా, నేను మూడోది మొదలెట్టగానే గంట అందుకో. ముగించేదాకా ఆపకు." అలా వచ్చింది ఆ పద్ధతి. చాప మాత్రం తడుస్తూనే ఉండేది. దాన్ని ఎండలో వేసే పని కూడా నాదే.

ఎజ్రా రెండేళ్ల తరువాత ఆత్రేయపురం వైపు పిల్లని చేసుకున్నాడు. సంపూర్ణమ్మ. ప్రకటనలు వాళ్ల ఊరి చర్చిలో చదివించారు కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. ఆత్రేయపురం వైపు పిల్ల కదా, మాట పూతరేకులా ఉంటుందనుకున్నాం. పూతరేకే, లోపల బెల్లం బదులు పచ్చిమిరపకాయ పెట్టి చుట్టారు. దయామణి సంగతి ఆవిడకి వచ్చిన వారంలోనే తెలిసింది. మా ఊళ్లో నోళ్లు మీకు తెలియనివా. ఇంట్లో మాత్రం ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. వాళ్లకి ఒక్కతే కూతురు, సారిక.

తొంభై ఆరులో సారికకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు అశోక్, పాలకొల్లులో మాస్టారు. మంచివాడు. ఆ పిల్ల అతన్ని కోరి చేసుకుంటోంది. మొదటి ప్రకటన అయింది, రెండోది అయింది. అప్పుడు కొత్త అయ్యగారు నన్ను పిలిచారు.

ఉదయభాస్కర్ గారని, కాకినాడ నుంచి కొత్తగా వచ్చారు. చిన్న వయసు, ఇస్త్రీ మడత నలగని మనిషి.

"సత్తియ్యగారూ, వచ్చే ఆదివారం గంట కొట్టకండి."

"అలాగేనండి. మరి జరిగేదానికి మీరే పూచీ."

"ఏం జరుగుతుంది?"

చెప్పాను. ఆయన నవ్వలేదు గానీ, పళ్ల మధ్య ఏదో ఇరుక్కున్నట్టు మొహం పెట్టారు.

"మీరు ఒకసారి గోదాట్లో పులస మీ వల తెంపి, మళ్లీ అదే కుట్టి పెట్టిందని చెప్పారంటగా?"

"ముడి సరిగ్గా వెయ్యలేదండి. అది మాత్రం దాని తప్పే."

"చూడండి, ఎవరికీ వినపడని ప్రకటన ప్రకటన కాదు. 'అభ్యంతరం ఉందా' అని అడుగుతూ అభ్యంతరం వినపడకుండా గంట కొట్టించడం దొంగతనం. నేను దానికి సంతకం పెట్టను."

నిజం చెప్పాలంటే అది సరైన మాటే.

ఆదివారం కరెంటు కూడా లేదు. ఫ్యాన్లు ఆగిపోయాయి, మైకు లేదు, గంట లేదు. పెళ్లికొడుకు తండ్రి చంద్రరావుగారు పాలకొల్లు నుంచి వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. ఎజ్రా ఆయన పక్కన. సంపూర్ణమ్మ ఆడవాళ్లలో. సారిక ఇంట్లో ఉంది, నియమం ప్రకారం. నేను అలవాటు కొద్దీ తాడు దగ్గరే నిలబడ్డాను. అయ్యగారు నా చేతుల కేసి చూసి, నేను వాటిని వెనక్కి కట్టుకునేదాకా ఆగి, అప్పుడు చదివారు.

"...ఎజ్రా గారి కుమార్తె సారికకును, చంద్రరావు గారి కుమారుడు అశోక్‌కును పరిశుద్ధ వివాహము జరుప నిశ్చయించియున్నారు. ఇది మూడవ ప్రకటన. వీరిరువురు కూడకుండుటకు న్యాయమైన అభ్యంతరము ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

మంచి గొంతు ఆయనది. మూల మూలకీ వెళ్లింది.

"మరి నాదండీ?"

ఇరవై ఏడేళ్ల తరువాత కూడా అదే గొంతు. పంతొమ్మిదేళ్ల గొంతు. విసుగు లేదు. ఇన్నేళ్లు వరసలో నిలబెట్టి గంట కొట్టాం, ఆ పిల్ల ఒక్క మాట తూలలేదు.

వెనక వరసలో ఆడవాళ్లు చీరలు ఎత్తిపట్టుకుని లేచిపోయారు. చాప చివర నీళ్లు మడుగు కట్టాయి. ఎజ్రా బెంచీ అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తల తిప్పలేదు. తిప్పితే ఏం కనపడుతుందో అని కాబోలు.

"ఎవరు మాట్లాడింది?" అన్నారు అయ్యగారు. ఆయన పుస్తకం తెరిచి, కలం తీసి, చాలాసేపు చూసి మళ్లీ మూత పెట్టేశారు.

బయట కొబ్బరిచెట్ల కింద చంద్రరావుగారు ఎజ్రాని పట్టుకున్నారు.

"ఏంటండీ ఇది బావగారూ? మా అబ్బాయి పెళ్లి మాట చదువుతుంటే 'నాదేంటి' అని ఆడమనిషి అడగడమేంటి? మావాడి మీద ఏమైనా అపవాదా?"

"కాదండి. మీ అబ్బాయికి ఏ సంబంధం లేదండి."

"మరెవరికి సంబంధం?"

ఎజ్రా రేవు కేసి చూశాడు. నేను అడ్డం వెళ్లి, "అది పాత సంగతండి, మా ఊరి చర్చికి సంబంధించింది" అన్నాను. నేను చెబితే నమ్మేవాళ్లెవరు? చంద్రరావుగారు మెట్లు దిగి వస్తున్న అయ్యగారి కేసి తిరిగారు.

"అయ్యగారూ, మీరు చెప్పండి. సంతకం పెడతారా, పెట్టరా?"

"అడిగాను. ఒక గొంతు జవాబు చెప్పింది. నా చెవులతో విన్నాను." అయ్యగారు పుస్తకం చంకలో బిగించుకున్నారు. "ఆ సంగతి తేలకుండా నేను పెట్టలేనండి."

"అయితే వచ్చే ఆదివారం దాకా చూస్తాం. అప్పటికీ తేలకపోతే మా దారి మేం చూసుకుంటాం. ఏమీ అనుకోకండి." ఆయన ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే సంపూర్ణమ్మ నా గుమ్మంలో నిలబడింది.

"మావయ్యగారూ, అయ్యగారి దగ్గరికి రండి నాతో."

"నేనెందుకమ్మా? నా నోట ఏమొచ్చినా కోతల్లో కలిపేస్తారు."

"మీరు మాట్లాడొద్దు. నేను అబద్ధం ఆడలేదని చెప్పడానికి ఒక సాక్షి కావాలి. ఊళ్లో వేరే ఎవరైనా అయితే దారిలోనే నాలుగు ఇళ్లలో చెప్పేస్తారు."

దారిలో చెప్పింది. సారిక రాత్రంతా గోడ కేసి తిరిగి పడుకుందట. ఎజ్రా అన్నం ముందు కూర్చుని లేచిపోయాడట. "ఇరవై ఐదేళ్లుగా వండుతున్నాను మావయ్యగారూ, నేను పెట్టిన కంచం ఆయన వదిలెయ్యడం నిన్నే చూశాను."

అయ్యగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ మడత నలిగింది.

"ఆ పిల్ల అడుగుతున్నది ఏంటో మీకు తెలిసింది కదండీ?" అంది సంపూర్ణమ్మ.

"తెలిసిందమ్మా."

"అయితే ఇచ్చెయ్యండి. మూడోది చదవండి."

"ఎలా చదవనమ్మా? ఎజ్రాగారికి పెళ్లయి భార్య ఉంది. మీరే ఆ భార్య. జరగని పెళ్లికి దేవుని ఇంట్లో ప్రకటన చదవమంటారా?"

"పెళ్లి చెయ్యమని అనలేదండి. చదవమన్నాను. మధ్యలో ఆపింది మీవాళ్లే. దొరగారి నియమంలో ఏముంది, మొదలెట్టి వదిలెయ్యొచ్చని ఉందా?"

అయ్యగారు లోపలికి వెళ్లి, తొలి దొర రాసిన నియమాల కట్ట తెచ్చుకుని చాలాసేపు తిరగేశారు. చివరికి, "లేదు. మొదలెట్టిన ప్రకటన మూడుసార్లు పూర్తి కావాలి, లేదా అభ్యంతరం నమోదు కావాలి. మధ్యలో ఆపడానికి లేదు" అన్నారు.

"మరింకేంటి?"

"చదివితే ఆపైన ఏమవుతుందమ్మా?"

"మీ పని మీరు చెయ్యండి. నా పని నేను చూసుకుంటాను."

తిరిగొస్తూ, "ఏంటమ్మా నీ పని?" అని అడిగాను. "కాసేపు మీరు కోతలు కొయ్యకుండా ఉండండి మావయ్యగారూ, అదే మీ పని" అంది.

ఆ వారం నేను తాడు పైకి చుట్టి మేకుకి తగిలించేశాను. కింద ఉంటే చెయ్యి దానంతటదే పోతుంది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఎప్పుడూ రాని వాళ్లు కూడా వచ్చారు, భక్తి ఎక్కువై. చంద్రరావుగారు వచ్చారు, అశోక్ కూడా వచ్చాడు. ఆడవాళ్లందరూ ముందు చాపల్లోకి ఎగబాకి ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. వెనక వరస మొత్తం ఖాళీ. సంపూర్ణమ్మ ఒక్కతే వెళ్లి అక్కడ కూర్చుంది. చాప చివర రెండు మూరల చోటు వదిలి.

అయ్యగారు లేచారు. "ఈ సంఘములో ఒక ప్రకటన సగములో నిలిచిపోయినది. నేడు దానిని పూర్తి చేయుచున్నాను" అన్నారు. ఎజ్రా తల ఎత్తాడు. ఆయనకి ముందుగా ఎవరూ చెప్పలేదు.

"లంక వాస్తవ్యులు పెద్దిరాజు గారి కుమార్తె దయామణికిని, మన సంఘస్థులు యోనా గారి కుమారుడు ఎజ్రాకును పరిశుద్ధ వివాహము జరుప నిశ్చయించియున్నారు. ఇది మూడవ ప్రకటన."

ఆ పేర్లు రెండూ పక్కపక్కన అలా వినపడ్డాయి. ఆ పిల్ల వినాలనుకున్నట్టుగానే. ఎక్కడో నీటి బొట్లు రాలుతున్న చప్పుడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"వీరిరువురు కూడకుండుటకు న్యాయమైన అభ్యంతరము ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

బొట్లు ఆగిపోయాయి.

"నాకుందండి."

సంపూర్ణమ్మ లేచి నిలబడింది. "నాకుందండి అభ్యంతరం. ఆయన నా భర్త. మా ఊరి చర్చిలో మూడు ప్రకటనలూ చదివి, అందరి ముందూ చేసిన పెళ్లి. మాకో కూతురుంది. ఇదే నా అభ్యంతరం. రాసుకోండి."

అయ్యగారు రాసుకున్నారు. కలం గీత వినపడింది.

అప్పుడావిడ ఖాళీగా ఉన్న చాప చివర కేసి తిరిగింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆవిడ ఖాళీ చోటుని చూసినట్టు చూడలేదు. మనిషిని చూసినట్టు చూసింది. గొంతు తగ్గించింది గానీ అందరికీ వినపడింది.

"విన్నావు కదమ్మా? నీ పేరు చదివారు. ఆయన పేరు పక్కనే చదివారు. ఇంక నీకు రావాల్సింది ఏమీ మిగల్లేదు. నువ్వు నా కూతురి కంటే చిన్నదానివి. నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఆయన్ని ఇవ్వను. వెళ్లు తల్లీ. నా పిల్ల పేరు చదవనీ."

తరువాత చాప మీద నుంచి గచ్చు మీదికి ఒక తడి అడుగు పడింది. చిన్న పాదం. దాని ముందు ఇంకొకటి. మనిషి లేదు, అడుగులే. నేను చెప్పే రెండో సగంలోది ఇది, గుర్తుంచుకోండి. ఆ అడుగులు గుమ్మం వైపు పోలేదు. అడ్డంగా తిరిగి మగవాళ్ల వైపు వెళ్లాయి. చంద్రరావుగారు కాళ్లు బెంచీ మీదికి లాక్కున్నారు. ఎజ్రా లాక్కోలేదు. ఆయన ఎదురుగా రెండు పాదాలూ పక్కపక్కన ఆగాయి. ఎజ్రా పెదాలు కదిలాయి. ఏమన్నాడో వినపడలేదు, నేను గంట కొట్టకపోయినా వినపడలేదు. సంపూర్ణమ్మ అక్కడే నిలబడి, కొంగు పిడికిట్లో పట్టుకుని చూస్తోంది. తొందరపెట్టలేదు.

ఆ తరువాత అడుగులు నడవ మధ్యలో నుంచి గుమ్మం దాటి, మెట్లు దిగి, రేవు దారి పట్టాయి. ఎండలో పడ్డవి పడ్డట్టే ఆరిపోయాయి.

"సారికకును, అశోక్‌కును..." అయ్యగారు మొదలెట్టారు. చివరిదాకా చదివారు. అభ్యంతరం అడిగారు. పైన కాకి కూడా అరవలేదు. ఆయన లెక్క కంటే ఎక్కువసేపే ఆగి, పుస్తకం తెరిచి, సంతకం పెట్టారు. అశోక్ వాళ్ల నాన్న కేసి చూశాడు. చంద్రరావుగారు కాళ్లు మెల్లగా కిందికి దింపి, "ముహూర్తం మార్చక్కర్లేదులెండి బావగారూ" అన్నారు.

ఆరాధన అయ్యాక అందరూ ఎజ్రా చుట్టూ మూగారు. ఆయన బెంచీ మీద నుంచి లేవలేదు. సంపూర్ణమ్మ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ఎదురుగా నిలబడి, కిందికి చూసింది. అంతవరకూ నేను కూడా గమనించలేదు. ఆ ఎండాకాలం మధ్యాహ్నం, ఎజ్రా తెల్ల పంచె, రేవులో దిగి వచ్చినవాడిలా, అంచు నుంచి మోకాళ్ల దాకా తడిసి, గోదావరి బురద పట్టి ఉంది.

ఆవిడ వంగి ఆ అంచుని రెండు చేతులా పిండింది. నీళ్లు గచ్చు మీద కారాయి.

"ఇంటికి పదండి" అంది. "పంచె మార్చుకుని అన్నం తిందురుగాని. నిన్న కూడా సరిగ్గా తినలేదు."